లెమూయేలు తల్లి మాట

మదర్స్ డే నాడు మన సంఘాల్లో సామెతల గ్రంథం 31వ అధ్యాయం చదవడం మామూలే. కానీ చదివేవారు చాలాసార్లు 10వ వచనం దగ్గర మొదలుపెడతారు. తెల్లవారకముందే లేచి, ఇంటిల్లిపాదికీ భోజనం చూసి, పొలం కొని, రాత్రి దీపం ఆరిపోకుండా పనిచేసే గుణవతి గురించి వింటాం. అమ్మలకు పువ్వులు ఇస్తాం. ఇంటికి వెళ్లిపోతాం.

ఆ అధ్యాయంలో మొదటి 9 వచనాలు అలాగే మిగిలిపోతాయి. అక్కడ మాట్లాడేది కూడా ఒక తల్లే. అయితే ఆమె బోధ కోడలికి కాదు, కొడుకుకు. ఆ కొడుకు రాజు. పేరు లెమూయేలు.

ఇశ్రాయేలు రాజుల్లో గానీ యూదా రాజుల్లో గానీ లెమూయేలు అనేవాడు కనబడడు. వేరే దేశపు రాజు అయి ఉంటాడని చాలామంది పండితులు అంటారు. తల్లి పేరు అసలు రాయలేదు. కానీ ఆమె మాటల్లో ఒక చిన్న ఆనవాలు ఉంది. హెబ్రీ భాషలో కొడుకును ‘బెన్’ అంటారు. ఈమె ‘బర్’ అంటుంది. అది అరామిక్ మాట. పుస్తకం ఒక భాషలో ఉన్నా, కొడుకును పిలిచేటప్పుడు ఇంటి మాటే నోటికి వచ్చిందేమో అని నాకు అనిపిస్తుంది. ఇంగ్లీషులో మాట్లాడుతూనే ‘అవ్వా’, ‘తాతా’ అని పిలిచే మనకు అది వింతగా ఉండదు.

ఆమె అతన్ని మూడు విధాలుగా పిలుస్తుంది: నా కొడుకు, నా కడుపున పుట్టిన కొడుకు, నేను మొక్కుకుని కన్న కొడుకు. తరువాత విషయానికి వస్తుంది. నీ బలాన్ని స్త్రీల వెంట పాడు చేసుకోకు అంటుంది. మద్యం రాజులకు తగదు అంటుంది. ఆ ‘తగదు’ను ఒకసారి చెప్పి ఊరుకోదు. మళ్లీ మళ్లీ చెబుతుంది.

ఎందుకు తగదు? మన ఇళ్లలో తాగవద్దని చెప్పేటప్పుడు మూడు కారణాలు చెబుతారు. పరువు పోతుంది, డబ్బు పోతుంది, ఆరోగ్యం పోతుంది. లెమూయేలు తల్లి ఈ మూడింటిలో ఒక్కటీ ఎత్తదు. ఆమె చెప్పిన కారణం వేరు. రాజు తాగితే చట్టం మరచిపోతాడు. మరచిపోతే బాధలో ఉన్నవారికి రావలసిన న్యాయం తారుమారు అవుతుంది.

ఈ కారణం దగ్గర కాస్త ఆగాలి. ఆ కాలంలో రాజే పెద్ద న్యాయాధిపతి. ఒక బిడ్డ కోసం పోట్లాడుకున్న ఇద్దరు స్త్రీలు సొలొమోను ముందుకు వచ్చిన కథ మనకు తెలుసు. రాజు ముందు ధనవంతుడు నిలబడితే, రాజు మరచిపోయినా గుర్తు చేసేవాళ్లు ఉంటారు. అతనికి స్నేహితులు ఉంటారు, సాక్షులు ఉంటారు, కానుకలు ఉంటాయి. పేదవాడికి ఉన్న ఆధారం ఒక్కటే, చట్టం. ఆ చట్టం తీర్పు చెప్పేవాడి తలలో ఉంది. అది అక్కడ నుంచి జారిపోతే, ఆ విధవరాలికి, ఆ అనాథకు ఇంకేమీ మిగలదు. తాగినది ఒకరు, నష్టపోయేది మరొకరు.

బైబిల్లో తాగిన రాజులు చాలామందే ఉన్నారు. ఏలా రాజు తిర్సాలో తాగి మత్తులో ఉండగా సొంత అధికారి జిమ్రీ చంపేశాడు. బెల్షస్సరు దేవాలయపు పాత్రలతో తాగాడు. నా మనసులో నిలిచేది మాత్రం ఎస్తేరు గ్రంథం 3వ అధ్యాయం చివర. ఒక జాతిని మొత్తంగా చంపమనే ఆజ్ఞ రాజు పేరుతో దేశమంతా వెళ్లింది. షూషను పట్టణం కలవరపడిపోయింది. ఆ సమయంలో రాజూ హామానూ తాగడానికి కూర్చున్నారు. బయట ఏడుపు, లోపల గిన్నెలు. యెషయా కూడా 5వ అధ్యాయంలో ఇదే పట్టుకున్నాడు. తాగడంలో శూరులైన పెద్దలే లంచం తీసుకుని దోషిని వదిలేస్తారని తిట్టాడు.

6, 7 వచనాలు చాలామందికి ఇబ్బందిగా ఉంటాయి. చనిపోతున్నవాడికి, మనసు విరిగినవాడికి మద్యం ఇవ్వండి, తాగి తన పేదరికం మరచిపోతాడు అని ఉంది. పాత యూదు గురువులు దీన్ని కనికరంగా చదివారు. మరణశిక్ష పడినవాడికి నొప్పి తెలియకుండా యెరూషలేము స్త్రీలు సాంబ్రాణి కలిపిన ద్రాక్షారసం ఇచ్చేవారని తల్ముదులో ఉంది. కానీ మన దక్షిణాఫ్రికాలో ఇంకొక సంగతి జరిగింది. కేప్ ద్రాక్షతోటల్లో కూలిలో కొంత భాగాన్ని చవక వైన్‌గా ఇచ్చేవారు. దాన్ని ‘డాప్’ అనేవారు. చట్టం వద్దన్న తరువాత కూడా అది చాలాకాలం సాగింది. అక్కడ మద్యం కనికరం కాదు. పేదవాడు తన పేదరికం గురించి అడగకుండా చేసే ఉపాయం. ఈ రెండు వచనాలను విడిగా తీసి చదివేవారు 8వ వచనం వరకు చదవాలి.

ఎందుకంటే ఆమె కొడుకుతో, తాగకుండా ఊరికే కూర్చో అనలేదు. 8, 9 వచనాల్లో, మాట్లాడలేనివారి కోసం నోరు తెరువు, న్యాయంగా తీర్పు చెప్పు, దీనుల పక్షాన వాదించు అని చెబుతుంది. తెలుగులో ‘నోరులేనివాడు’ అంటే మూగవాడనే కాదు. తన బాధ చెప్పుకోలేనివాడని కూడా అర్థం. ఆమె చెప్పినదానికి మన మాట చక్కగా సరిపోయింది.

తెలుగు బాప్టిస్టులు 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యను నేటాలుకు పంపారు. ఆ సంవత్సరమే కెర్స్నీ తేయాకు తోట దగ్గర సంఘం మొదలైంది. అక్కడ తెలుగు బైబిలు విన్నవారిలో రాజులు లేరు. నోరులేనివారే ఎక్కువ. 1891 నాటి నేటాల్ చట్టం చూడండి. తోటలో ఉన్న ఒప్పంద కూలీలు ఎక్కువమంది కలిసి, సెలవు లేకుండా యజమాని మీద ఫిర్యాదు చేయడానికి వెళితే శిక్ష పడుతుంది. ఫిర్యాదు నిజమైనా సరే, జరిమానా లేదా జైలు. ఆ చట్టం రాసినవారు తాగి రాయలేదు. బల్ల ముందు కూర్చుని, ఒక్కొక్క మాట చూసుకుని రాశారు. తాగకపోవడం ఒక్కటే చాలదని నేను అనుకునేది అందుకే. తల్లి చెప్పిన రెండవ సగం లేకపోతే మొదటి సగం కూడా అక్కరకు రాదు.

1894లో డర్బన్‌లో బాలసుందరం అనే తమిళ కూలీ ఒక యువ వకీలు ఆఫీసుకు వచ్చాడు. యజమాని కొట్టగా ముందు పళ్లు రెండు విరిగాయి. నోటి నుంచి రక్తం కారుతోంది. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు, తెల్లవారి ముందు అలా నిలబడటం అలవాటు కాబట్టి. ఆ వకీలు గాంధీ. ముందుగా తలపాగా పెట్టుకోమన్నాడు. తరువాత డాక్టరు దగ్గరికి పంపి సర్టిఫికెట్ తీసుకుని, మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకువెళ్లాడు. యజమానిని జైలుకు పంపాలని పట్టుబట్టలేదు. బాలసుందరాన్ని ఆ ఇంటి నుంచి తప్పించి మరొక యజమాని దగ్గరికి మార్పించాడు. ఆ కబురు తోటలన్నిటికీ పాకింది.

ఇప్పుడు మనలో రాజులు లేరు గానీ తీర్పు చెప్పేవారు ఉన్నారు. సంఘ పెద్దలు, సభల కమిటీ వారు, ఇంటి ఆస్తి పంచే పెదనాన్నలు. తాగి వచ్చిన మామయ్యను నవ్వుతూ సర్దుకుపోతాం, మనవాడే కదా అని. ఆయన ఆ పూట ఎవరి సంగతి తేల్చవలసి ఉందో అడగం. భర్త పోయిన వదిన తన వాటా గురించి అడగడానికి వచ్చి, వంటగదిలోనే నిలబడి వెళ్లిపోయి ఉండవచ్చు.

వచ్చే మే నెలలో వాక్యం చదివేవారికి ఒక మనవి. 1వ వచనం నుంచి మొదలుపెట్టండి. ఆ 9 వచనాలు చదవడానికి పెద్దల్లో ఒక మగవారిని పిలవండి. పువ్వులు తరువాత ఇవ్వవచ్చు.