రోజుకో వరస

ఇంట్లో ఒక్క పెళ్ళి చెయ్యాలంటే మనకు ఆరు నెలల ముందునుంచే గుండెదడ. మురమళ్ళలో రోజూ పెళ్ళే. కోనసీమలో, ఐ.పోలవరం మండలంలో, వృద్ధ గౌతమి ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం. సంబంధం కుదరాలని మొక్కుకున్నవాళ్ళు, కుదిరాక మొక్కు తీర్చుకునేవాళ్ళు ఎక్కడెక్కడినుంచో వస్తుంటారు. అయినా గుడిలో ఎవరూ కాళ్ళూ చేతులూ ఆడక కంగారు పడరు. వేళ తెలుసు, సరంజామా చేతికందేచోట ఉంటుంది, ఎవరి పని వాళ్ళకు తెలుసు. ఎప్పుడో ఒకసారి చేస్తే కొండంత పని. రోజూ చేస్తే అలవాటు.

ఈ సంగతి పుస్తకాలకూ బొంతలకూ కూడా వర్తిస్తుంది. ఏటా జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. సంచినిండా పుస్తకాలు కొనుక్కుని, "ఈ ఏడాది వారానికొకటి చొప్పున 52 చదివేస్తాను" అని పంతం పట్టేవాళ్ళు చాలామంది. శివరాత్రి వచ్చేసరికి నాలుగోదో అయిదోదో సగంలో ఆగిపోతుంది. అటు చూస్తే, కూతురు పురుటికి వచ్చేలోపు అవుతుందని మొదలెట్టిన బొంత మడతపెట్టి మంచం కింద ఉంటుంది. మధ్యలో పిల్లల పరీక్షలు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు, కల్యాణం చేయించుకుందామని చెప్పాపెట్టకుండా దిగిన చుట్టాలు. తప్పు పట్టుదలది కాదు. పని పరిమాణాన్ని వారంతో కొలవడంలో ఉంది.

లెక్క వేసి చూద్దాం

ఓ మాదిరి తెలుగు నవల 210 పేజీలనుకుందాం. వారంలో అవ్వాలంటే రోజుకు 30 పేజీలు. పేజీకి రెండు నిమిషాలు వేసుకుంటే సరిగ్గా ఒక గంట. రోజూ ఒక గంట, ఏడాది పొడుగునా, పండగా జ్వరమూ లేకుండా. వంటా వార్పూ, బడీ బజారూ చూసుకునే మనిషికి ఇది చిన్న కోరిక కాదు. అందులోనూ పుస్తకాలన్నీ ఒక్క కొలతవి కావు. 'మాలపల్లి', 'వేయిపడగలు' లాంటివి వారంలో ముగించాలనుకుంటే అది చదవడం అవ్వదు, పరుగు పందెం అవుతుంది.

ఇప్పుడు బొంత. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. అంగుళానికో వరస చొప్పున పొడుగునా కుట్టుకుపోతే దాదాపు 48 వరసలు. వరసకు ఇరవై నిమిషాలు పట్టినా పదహారు గంటల పని. "ఒక ఆదివారం కూర్చుని తేల్చేస్తా" అంటే ఆ ఆదివారం ఎప్పటికీ రాదు. రోజుకో వరస అనుకుంటే ఏడు వారాల్లో పిల్లవాడి కిందకు మెత్తటి బొంత సిద్ధం.

ఖాళీ అనే మాట

బొంత ఎలా పుడుతుందో చూసినవాళ్ళకు అది కాలక్షేపం పని కాదని తెలుసు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు, పంచెలు పోగెయ్యాలి. కొత్త గుడ్డ పనికిరాదు, ఒంటికి గరగరలాడుతుంది. గంజి పూర్తిగా పోయేదాకా నానబెట్టి ఉతికి ఆరేసి, ముడత లేకుండా చాపమీద ఒకదానిమీద ఒకటి పరవాలి. మూలలు కదలకుండా బరువు పెట్టి, పొరలు జారిపోకుండా ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వెయ్యాలి. ఆ తర్వాతే అసలు వరసలు. ఒక్క కుట్టు అన్ని పొరల్నీ పట్టుకోవాలి, పైన కనిపించే చుక్క మాత్రం చిన్నదిగా ఉండాలి. పొరకూ పొరకూ మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనాన్ని నిలుపుతుంది. పుష్యమాసపు రాత్రుల్లో గోదావరి మీదనుంచి చలి తోలినప్పుడు బొంత విలువ తెలుస్తుంది. సంస్కృతంలో దీన్నే కంథ అన్నారు. బెంగాల్ వాళ్ళ కాంథా, కన్నడం వాళ్ళ కౌది దీనికి అక్కచెల్లెళ్ళు. మనం మాత్రం పొంతన లేని దేన్నైనా 'అతుకుల బొంత' అని వెక్కిరిస్తాం. బొంత కుట్టినవాళ్ళెవరూ పుట్టించిన మాట కాదది.

ఇంత చేసినా, సూది పట్టుకుని అరుగుమీద కూర్చున్న ఆడమనిషిని చూడగానే మనం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఖాళీయేనా?" ఈ మాట వెనకున్న గుడ్డితనాన్ని మన పక్క ఊరి కథే పుస్తకానికెక్కించింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. వశిష్ఠ గోదావరికి అటు నరసాపురం, ఇటు మన సఖినేటిపల్లి. ఆమె చూసింది ఏమిటంటే, ఇంటి పనంతా చేసుకుంటూనే ఆడవాళ్ళు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. ఆ లేసు విదేశాలకు పోతోంది. ఇంట్లోవాళ్ళూ వ్యాపారులూ మాత్రం దాన్ని తీరికవేళల్లో చేసే పని కిందే జమ కట్టారు. పనికి పని అన్న పేరు లేకపోతే కూలీ కూడా తగినంత రాదు. ఆ నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరికి దక్కిన గుర్తింపు ఇంట్లో మనిషి వేళకు ఇంకా దక్కాలి.

చదువుకూ బొంతకూ ఇంటికీ పొత్తు కుదరాలంటే ముందు ఈ లెక్క సరిచెయ్యాలి. కుట్టే గంటను 'ఖాళీ' ఖాతాలో వేస్తే, చదువుకోవడానికి వేరే ఖాళీ ఎక్కడినుంచి పుడుతుంది?

వారపత్రిక చూపిన కొలత

వారానికింత అని చదవడం మనకు కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన 'ఆంధ్రపత్రిక' వారపత్రికే. తర్వాత ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, స్వాతి వారపత్రికలు ఇంటింటికీ చేరాయి. సీరియల్ అంటే ఏమిటి? మూడొందల పేజీల నవలను, పొయ్యిమీద పప్పు ఉడికేలోపు అయిపోయే ముక్కలుగా కోసి వారానికొకటి వడ్డించడం. ఆనాటి పాఠకురాలు వారానికో నవల చదవలేదు. ఒకే వారం నాలుగు నవలల్లో ఒక్కో భాగం చదివింది. తర్వాతి భాగం ఏమవుతుందా అని ఏడు రోజులు కుట్టులోనూ వంటలోనూ ఆలోచించింది. పక్కింటావిడతో వాదించింది. చదివిన దానికంటే దాని గురించి తలపోసిన గంటలే ఎక్కువ. అందుకే ఆ పాత్రలు ఆమెకు చుట్టాల్లా గుర్తుండిపోయాయి. వంశీ 'మా పసలపూడి కథలు' స్వాతి వారపత్రికలో వారం వారం వస్తుంటే గోదావరి జిల్లాల వాళ్ళు తమ వీధిలో మనుషుల్ని వెతుక్కున్నట్టు చదివారు.

ఇక్కడే సూదికీ చదువుకూ అసలు చుట్టరికం కనిపిస్తుంది. సీరియల్ ముగిశాక పత్రిక పిన్ను విప్పి, ఆ పేజీలు మాత్రం తీసి, వారాల వరసన పేర్చి, పైనా కిందా అట్ట పెట్టి దబ్బనంతో కుట్టేవారు. వాళ్ళ చేతుల్లో పాత చీరలు బొంత అయినట్టే, పాత పత్రికలు పుస్తకమయ్యాయి. దుకాణంలో కొనని నవలలు ఎన్ని ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల్లో ఉండేవో!

మాలతీ చందూర్‌ని కూడా తలుచుకోవాలి. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక మొదలుపెట్టి దశాబ్దాలపాటు వంటనుంచి కుటుంబ సమస్యల దాకా జవాబులు చెప్పింది ఆమే. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో ఇంగ్లీషు నవలల్ని తెలుగులో పరిచయం చేసిందీ ఆమే. ఇంటి పనులు ఒక గదిలో, సాహిత్యం ఇంకో గదిలో ఉండాలని ఆమె అనుకోలేదు.

ఆ కొలతను ఈనాటికి తెచ్చుకుంటే ఉపాయం సులువు. వారానికో పుస్తకం బదులు వారానికో కథ పెట్టుకోండి. ఏడాదికి 52 కథలు. కథాసాహితి 1990 నుంచి ఏటా తెస్తున్న 'కథ' సంకలనాలు ఒకటి రెండు చేతిలో ఉంటే మొదలుపెట్టడానికి చాలు. గోదావరి ఆడవాళ్ళ నుడికారం వినాలంటే పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలున్నాయి. ఆయన కథ ఒక్కొక్కటి నిదానంగా వారమంతా చదువుకోదగ్గది. నవలే కావాలంటే నెలకొకటి. పన్నెండు నవలలు గుర్తుండేలా చదవడం, 52 పేర్లు రాసుకుని మరిచిపోవడం కంటే మేలు.

చేతికి సూది, చెవికి కథ

చదవడానికి కళ్ళు కావాలి, కుట్టడానికీ కావాలి. రెండూ ఒకేసారి అసాధ్యం. కానీ వరస కుట్టుకు చెయ్యి అలవాటు పడ్డాక కళ్ళకు పని తగ్గుతుంది, చెవులు పూర్తిగా ఖాళీ. ఒకే దారిలో రెండు పనులు ఎదురెదురు పడితే మెదడు తడబడుతుంది. రెండు వేరే దారుల్లో వస్తే సర్దుకుంటుంది. పైగా చేతికి తేలిక పని ఉంటే మనసు పక్కదారి పట్టదని కూడా ఒక ప్రయోగం చూపింది. 2009లో బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాకీ ఆండ్రేడ్ 40 మందికి చప్పగా సాగే ఫోన్ సందేశం ఒకటి వినిపించారు. వింటూ కాగితం మీద బొమ్మల్లో గీతలు నింపినవాళ్ళకు, ఊరికే కూర్చుని విన్నవాళ్ళకంటే 29 శాతం ఎక్కువ గుర్తుంది. చిన్న ప్రయోగమే, దానితో అన్నీ తేలిపోవు. కానీ పురాణం వింటూ వత్తులు చేసుకున్న మన మామ్మలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

క్యూబాలో చుట్టలు చుట్టే కార్మికులు దీన్ని ఒక సంప్రదాయమే చేసుకున్నారు. 1865లో హవానా కార్ఖానాల్లో, పనివాళ్ళు చుట్టలు చుడుతుంటే ఒకరు ఎత్తైన పీటమీద కూర్చుని పైకి చదివే పద్ధతి మొదలైంది. చదివే మనిషికి జీతం పనివాళ్ళే తలా కొంత వేసుకుని ఇచ్చేవారు. ఏ పుస్తకం చదవాలో వాళ్ళే తేల్చుకునేవారు. అలెగ్జాండర్ డ్యూమా నవల వాళ్ళకు ఎంత నచ్చిందంటే, 'మాంటే క్రిస్టో' పేరు ఇప్పటికీ ఒక చుట్టల రకానికి ఉంది.

మన ఇళ్ళల్లో ఆ పని చేసింది పిల్లలు. చదువురాని అమ్మమ్మకు, కళ్ళు కనపడని తాతయ్యకు సీరియల్ చదివి వినిపించి, మధ్యలో ఆపి తాయిలం బేరమాడిన పిల్లలు ఇవాళ అరవైల్లో ఉన్నారు. 1948లో విజయవాడ ఆకాశవాణి వచ్చాక నాటకాలు ఆ బాధ్యత కొంత పంచుకున్నాయి. ఇప్పుడు దాసుభాషితం లాంటి తెలుగు శ్రవణ పుస్తకాలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. విన్న పుస్తకం చదివినట్టేనా అని సందేహం వద్దు. మన సాహిత్యంలో సగం చెవిద్వారా వచ్చిందే.

అయితే ఫోన్‌కంటే మంచి ఏర్పాటు ఇంట్లోనే ఉంది. ఇంగ్లీషు మీడియంలో చదివే మనవరాలికి తెలుగు కూడబలుక్కోవాల్సి వస్తుంది. సాయంత్రం వెలుతురుండగానే ఇరవై నిమిషాలు ఆ పిల్ల పైకి చదవాలి, అమ్మో అమ్మమ్మో కుడుతూ వినాలి. తప్పు చదివిన చోట సూది ఆపి దిద్దాలి. పిల్లకు తెలుగు వస్తుంది, పెద్దవాళ్ళకు కథ అందుతుంది, బొంత ఓ వరస ముందుకు జరుగుతుంది. అమ్మమ్మకు చత్వారం వల్ల సూదిలో దారం ఎక్కకపోతే, అయిదారు సూదుల్లో ముందే ఎక్కించి పెట్టడమూ ఆ పిల్ల పనే.

చిన్న చిన్న జాగ్రత్తలు

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం మామూలే. అందుకే కుట్టు పగటి వెలుతురులో పెట్టుకుని, దీపం పెట్టాక ఊరికే వినడం మేలు. రాత్రి కుట్టక తప్పకపోతే లేతరంగు గుడ్డమీద ముదురు దారం వాడండి. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా కొబ్బరి మట్టల వైపు చూస్తే కంటికీ మెడకూ కూడా సుఖం.

పుస్తకం, బొంత రెండూ కళ్ళెదుటే ఉండాలి. అటకెక్కినవి దిగిరావు. చుట్టాలొచ్చిన రోజు, ఒంట్లో బాగోలేని రోజు లెక్కలోకి రావు. అప్పు పడిందని మర్నాడు రెండింతలు చెయ్యొద్దు. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళి వచ్చిన వారం ఒక్క పేజీ కూడా తిరక్కపోవచ్చు, పోనివ్వండి. ఓ చిన్న నోటుపుస్తకంలో చదివిన కథ పేరు, దాని గురించి ఒక్క వాక్యం రాసుకుంటే చాలు. ఏడాది చివర లెక్క 52కు 38 అయినా, ఆ 38 వాక్యాలు మీవి.

మిగిలిందల్లా ఇంట్లో తక్కినవాళ్ళ వంతు. గుడిలో కల్యాణమైనా ఒక్కరి చేతిమీద నడవదు. మీ ఇంట్లో ఎవరైనా సూదీ దారం పట్టుకుని కూర్చుంటే "ఖాళీయేనా?" అని పని పురమాయించకండి. పక్కన చాప వేసుకుని, పుస్తకం తీసి, ఓ పది పేజీలు పైకి చదవండి.