గాలానికీ ఒక కాలం

చేపలు పట్టడానికి కూడా ముహూర్తం చూడాలా అని నవ్వేవారు నవ్వవచ్చు. పెళ్ళికి మూఢం చూస్తాం, విత్తనానికి కార్తె చూస్తాం, ఊరగాయకు ఎండ చూస్తాం. నీళ్ళలో వుండే ప్రాణి మాత్రం మనకు సెలవు దొరికిన రోజున వచ్చి గాలానికి తగులుకోవాలంటాం. ఇదేమి న్యాయం?

మా చెన్నూరు పెన్న ఒడ్డు వూరు. ఇక్కడి వంతెన మీద నుంచి చూస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. దాని నడుమ ఒక సన్నని పాయ, అక్కడక్కడ మడుగులు. ఇక్కడ చేపలేమిటని కొత్తవారికి అనుమానం రావడం సహజం. కాని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచే ఈ నదికి మా జిల్లాలోనే చిత్రావతి, కుందూ, పాపాఘ్ని, చెయ్యేరు వచ్చి కలుస్తాయి. పైన గండికోట, మైలవరం జలాశయాలు, కింద సోమశిల. తుంగభద్ర నీళ్ళు తెచ్చే కర్నూలు-కడప కాలువ సరేసరి. చేపలకు కొదువ లేదు, పట్టే కాలం తెలియాలి, అంతే.

మా బావమరిదికి హైదరాబాదులో ఉద్యోగం. నిరుడు రీలు బిగించిన గాలం ఒకటి కొన్నాడు. దాని ఖరీదు నాకు చెప్పాడు గాని వాళ్ళ అక్కకు చెప్పలేదు. "బావా! దసరా సెలవులకు పిల్లలతో వస్తున్నా. గండికోట నుంచి సిద్ధవటం దాకా పెన్న వెంట తిరుగుదాం" అని ఫోను చేశాడు. "పిండివంటలకు రా నాయనా. గాలం మాత్రం ఇంట్లో పెట్టి రా" అన్నాను. అతనికి కోపం వచ్చింది. "పోనీ, తొలకరికి వచ్చి వుండాల్సింది" అన్నాడు. అది మరీ తప్పు అన్నాను. ఆ కోపం దించడానికి చెప్పిన మాటలే ఇవి. గాలం సరదా వున్న ఇతర బావమరుదులకు కూడా పనికి వస్తాయి.

ఈ సరదా దొరలు నేర్పింది కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో రచించిన 'మానసోల్లాసం'లో రాజులకు తగిన వినోదాల్లో మత్స్యవినోదం ఒకటి. ఏ చేపకు ఏ ఎర వేయాలో అందులో చెప్పాడు. తర్వాత మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే దొర 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా', 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అనే పుస్తకాలు వేశాడు. మన పల్లెటూరి చెరువుల మీద ఒక పుస్తకమే రాశాడంటే ఆయన ఓపిక మెచ్చుకోవలసిందే!

శీతల దేశాలలో గాలపు కాలాన్ని నిర్ణయించేది చలి, మన వంటి ఉష్ణదేశాలలో వాన. బ్రెజిలులో అమెజాన్ ఉపనది రియో నీగ్రో మీద చేపల వేటకు పోయేవారు వరద తీసి నీరు తగ్గేదాకా కాచుకుంటారు. వరదలో చేపలు మునిగిన అడవుల్లోకి చెదిరిపోతాయి. నీరు తగ్గితే ఏటి గర్భంలోకి చేరుకుంటాయి. మన పెన్నకూ ఇదే సూత్రం.

ఇక తొలకరి ఎందుకు వద్దంటే, అది చేపలకు పురుటి కాలం. బొచ్చె, శీలావతి, మోసు చెరువులో ఎంత బలిసినా నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే కొత్తనీరు కావాలి. అందుకే ఒకప్పుడు చేపపిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించాడు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుకుంటున్నారు. ఏట్లోని చేపకు మాత్రం సూదిమందు లేదు. ఎర్రనీరు దిగగానే ప్రవాహానికి ఎదురెక్కుతుంది. అప్పుడు దాన్ని పట్టడం బహు సులభం. సులభం గనుకనే పట్టరాదు. కడుపునిండా గుడ్లున్న చేపను ఒడ్డుకు లాగితే పోయేది ఒక చేప కాదు.

కొరమీను సంగతి మరీ జాలి. మృగశిర కార్తె ప్రవేశించగానే దాని కోసం ఎగబడతాం. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చుకునే జాతి. అందుకే బురదలోనూ బతుకుతుంది. వానల్లో గుడ్లు పెట్టి తల్లీ తండ్రీ పిల్లలకు కాపలా కాస్తాయి. ఎర్రెర్రని పిల్లల గుంపు నీటి మీద ఉండలా కదులుతూ వుంటే కింద పెద్ద చేప వున్నదని గుర్తు. ఆ గుంపు మధ్యకు చిన్న కప్పను గాలానికి గుచ్చి విసిరితే పెద్ద చేప ఆకలితో కాదు, కోపంతో వచ్చి కరుస్తుంది. ఇందులో నేర్పు ఏముంది? పిల్లల మీది మమకారమే దానికి ఉరి.

మా వూరి చెరువు కట్ట మీద ఇలా కొరమీను పట్టి ఫొటో తీయించుకుంటున్న కుర్రవాళ్ళను చూసి ఒక బెస్త పెద్దాయన నాతో అన్నాడు: "తల్లిని లాక్కపోతే పిల్లల్ని జెల్లలు తినేస్తాయి సారూ. వచ్చే యేడు మా వల్లోకి ఏమొస్తాది? వీళ్ళకు ఆట, మాకు కూడు."

"చెప్పకపోయావా తాతా?" అన్నాను.

"చెప్తే నీదా చెరువు అంటారు. మాదే సారూ. సంఘం పాట పాడింది" అన్నాడు.

అతని మాటలో నిజం వుంది. చెరువులను మత్స్యకారుల సంఘాలు గుత్తకు తీసుకుంటాయి. జలాశయాల్లో మత్స్యశాఖ లైసెన్సు మీద వేట సాగుతుంది. ఒడ్డున ఎవరూ కనిపించలేదని అది ఎవరిదీ కాకుండా పోదు. ముందుగా సంఘం వారితో మాట్లాడుకుంటే అనుమతితోబాటు ఏ మూల ఏ చేప తిరుగుతుందో కూడా చెబుతారు. మందుగుండు, విషం సంగతి చెప్పనే అక్కరలేదు. 1897 నాటి చట్టమే వాటిని నేరమన్నది.

ఆషాఢంలో మరో చిక్కు మా సీమ పడమటి గాలి. బెండు మునిగిందో, అల మీద ఊగిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

దసరా, దీపావళి రోజులంటారా? అప్పుడు చేప కంటె మనిషి గురించే భయం. చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మాకు ఆకాశం తెరిపిగా వున్నా పై నుంచి నీరు విరుచుకుపడుతుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాలను ముంచింది. ఎందరో కొట్టుకుపోయారు. ఆ వరదల్లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. వంతెననే నిలవనీయని నీటి అంచున పిల్లల్ని కూర్చోబెట్టి బెండు చూస్తూ వుండడం ఏమి వినోదం? వరద లేని రోజున కూడా ఇసుక తవ్విన గుంటలు బురదనీటి కింద కనిపించవు. మోకాలి లోతు అనుకున్నచోట రెండు నిలువులు వుండవచ్చు.

రోహిణి ఎండల్లో చెరువు ఇంకి చేపలన్నీ ఒక గుంటకు చేరుతాయి గనుక తేలిక అనుకుంటారు. కాగిన నీటిలో ప్రాణవాయువు తక్కువై అవి తెల్లవారేసరికి నోళ్ళు తెరుచుకుని తేలుతూ వుంటాయి. ఊపిరాడనివాడికి విందు పెడితే తింటాడా? ఈ కాలంలో గాలి పీల్చే కొరమీను ఒక్కటే చురుకు. మనమే ఆ ఎండకు ఆగలేం.

కాబట్టి నేను చెప్పేది సంక్రాంతి. కనుమ వెళ్ళిన దగ్గర నుంచి హోలీ పున్నమి దాకా రెండు నెలలు. అప్పటికి తుఫానులు వెనకబడతాయి, నీరు తేరుకుంటుంది, అడుగు కనిపిస్తుంది, గుడ్ల కాలానికి ఇంకా వ్యవధి వుంటుంది. కాలువకు నీళ్ళు కట్టేస్తే అందులోని చేపలు మడుగుల్లో నిలుస్తాయి. ఇంకొక సుఖం, ఈ రోజుల్లో కోడికూతకే లేచి పరుగెత్తనక్కరలేదు. వీపుకు ఎండ తగిలేదాకా చేప కూడా ఎర ముట్టదు. కాఫీ తాగి పోవచ్చును.

అయితే పూర్వంలాగా పంచాంగం ఒక్కటి చాలదు. 26.85 టి.ఎం.సి.ల గండికోట వచ్చాక పెన్నలో నీరు ఎప్పుడు వుంటుందో మేఘంతోబాటు గేటు కూడా నిర్ణయిస్తున్నది. నీరు వదిలే రోజు అవునో కాదో ప్రాజెక్టు వారిని కనుక్కుని బయలుదేరాలి. గండికోట లోయ అంచు చూడడానికి బాగుంటుంది గాని గాలం వేయడానికి కాదు. పిల్లలతో పోయేవారికి మైలవరం వైపు చదునైన ఒడ్డు మేలు.

ఎరకు వానపాములు చాలు. బొచ్చె, శీలావతులకు తవుడు, వేరుసెనగ చెక్క కలిపిన ముద్ద ఇంకా మంచిది. ఆ ముద్ద కొంచెం ముందుగానే నీటిలో చల్లి పావుగంట మాట్లాడకుండా కూర్చోవాలి. మా బావమరిదికి కష్టమైనది ఈ పావుగంటే. బెండు మొదట వణుకుతుంది, అప్పుడు లాగకూడదు. పక్కకు జరిగి మునిగినప్పుడు మణికట్టుతో ఒక్క విదుపు. వచ్చింది జానెడు పిల్ల అయితే చేయి తడి చేసుకుని పట్టుకోవాలి. పొడిచేతికి దాని ఒంటి జిగురు ఊడి వస్తుంది. గాలం మెల్లగా తప్పించి, విసరకుండా నీటిలోకి దించి వదిలేయాలి.