కరువులో క్లౌ గారు చేసిన పని, నేడు మన సంఘములు



1878 జూలై 3ను మనము ఎంతో సంతోషముగా జ్ఞాపకము చేసుకుంటాము. ఆ ఒక్క దినమున గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. అయితే అంతకు ముందు జరిగినదానిని అంతగా చెప్పుకోము. 1876–78 కరువులో జనులు ఆకలితో చనిపోతుండగా, ఒంగోలు మిషనరీ డాక్టర్ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో కొంత భాగమును కాంట్రాక్టు తీసుకున్నారు. తవ్వినవారికి కూలి ఇచ్చారు. సంఘ బోధకులే దగ్గరుండి పని చూశారు. బాప్తిస్మము అడిగినవారిని మాత్రము కరువు పని ముగిసేవరకు ఆగమన్నారు. అన్నము కోసము ఎవరూ విశ్వాసములోనికి రాకూడదని ఆయన ఉద్దేశము.

సహాయమునకు షరతు పెట్టలేదు. భిక్ష వేయలేదు, పని ఇచ్చారు. మరి నేడు మనము? క్రిస్మసుకు చీర, బియ్యము పంచి, ఫొటో తీసుకొని ఊరుకుంటున్నాము.

మన పత్తి, మిరప పొలాలలో పేదరికము ఎక్కువగా కౌలు రూపములో, అప్పు రూపములో ఉన్నది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలు రైతుకు కార్డు రావాలంటే 11 నెలల ఒప్పందముపై భూయజమాని సంతకము కావాలి. కార్డు లేనివారికి బ్యాంకు రుణము, పంట బీమా అందడము కష్టము. అప్పుడు వడ్డీ వ్యాపారే దిక్కు. ఆ సంతకము పెట్టవలసినవారిలో కొందరు ఆదివారము మన బల్లల మీదనే కూర్చుంటారు. వారితో మాట్లాడవలసినది కాపరియే.

మిరప కోతలకు కర్నూలు ప్రాంతమునుండి కుటుంబాలు వలస వస్తాయి. బిడ్డల బడి ఆగిపోతుంది. వారములో ఆరు దినములు తాళము వేసి ఉండే మన మందిరములో ఆ రెండు, మూడు నెలలు వారికి చదువు చెప్పించలేమా? వారు ఏ మతమువారని అడగనక్కరలేదు.

కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపిస్తున్నది. ఇది మొదట మన విశ్వాసుల పొలాలలో నెరవేరాలి.

పంట ఇంటికి రాగానే కృతజ్ఞతార్పణ అడిగి, అప్పు ఎంత మిగిలిందని అడగని కాపరులలో మేమూ ఉన్నాము. ఈ కోతల కాలములో ఆ రెండవ ప్రశ్నను ముందు అడుగుదాము.