న్యాయవిద్యార్థినుల సోదరీ సంఘములు

సభాపర్వమును చదివిన మన సోదరీమణులెల్లరును ద్రౌపది యడిగిన ప్రశ్న నెఱుగుదురు. తన్ను దాను ముందుగా నోడిన ధర్మరాజునకు, పిదప తన భార్యను పణముగ నొడ్డుట కధికార మెక్కడిదని యామె నిండుసభలో నడిగెను. అది వట్టి కన్నీటి మాట కాదు. స్వాతంత్ర్యమునే కోల్పోయినవాడు చేసిన యొప్పందము చెల్లునా యను చక్కని న్యాయప్రశ్న. భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. వికర్ణుడు మాటాడెను గాని కర్ణు డాతనిని పసివాడని తీసివేసెను. ద్రౌపదికి కొఱవడినది జ్ఞానము కాదు, వాక్కు కాదు. ఆ సభలో ప్రక్కన నిలిచి యామె ప్రశ్నను మరల నడుగగల తోడు కొఱవడినది.

న్యాయశాస్త్రము నభ్యసింప బూనిన స్త్రీలకు సరిగా నీ కొఱతయే సంభవించినది. దానిని దీర్చుకొనుటకై అమెరికా దేశపు స్త్రీలు తమలో తాము కట్టుకొన్న సంఘములను గూర్చి మేమీ వ్యాసమున విన్నవించుచున్నాము.

ఆ దేశమున నిట్టి సంఘమునకు సోరోరిటీ యని పేరు. లాటిను భాషలో సోరర్ అనగా సోదరి. మన సంస్కృతమందలి స్వసృ శబ్దమునకును దీనికిని మూల మొక్కటియే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున పేరు పరదేశపుదైనను చుట్టరికము పాతదే. కళాశాలలో విద్యార్థినులు కొందఱు చేరి, గ్రీకు అక్షరములను రెండు మూడింటిని పేరుగ నుంచుకొని, యొకరి కొకరు తోడుగ నుందుమని మాట యిచ్చుకొందురు. వీనిలో పెక్కు స్నేహమునకును వేడుకకును ఏర్పడినవి. న్యాయకళాశాలలలో పుట్టినవి మాత్రము వృత్తిని గూర్చినవి. వాని యవసర మెట్లు కలిగెనో తెలియవలెనన్న కొంత వెనుకటి కథ చెప్పవలెను.

షికాగో నగరమున మైరా బ్రాడ్‌వెల్ అను నామె 1868లో న్యాయవార్తల పత్రికను స్థాపించి తానే నడిపెను. 1869లో న్యాయవాద పరీక్షయం దుత్తీర్ణురాలయ్యెను. అయినను ఇల్లినాయి రాష్ట్రపు పెద్ద న్యాయస్థాన మామెకు పట్టా నీయదయ్యెను. వివాహిత యగుటచే స్వతంత్రముగ నొప్పందములు చేసికొన జాలదని మొదట ననిరి. స్త్రీ యగుటయే చాలునని పిమ్మట ననిరి. ఆమె దేశపు సర్వోన్నత న్యాయస్థానమునకు పోగా, 1873లో నక్కడను ఓటమియే కలిగెను. భార్యగను తల్లిగను నుండుటయే స్త్రీకి విధింపబడిన ధర్మమని యొక న్యాయమూర్తి తన యభిప్రాయమున వ్రాసెను. ఇంతలో 1872లోనే ఆ రాష్ట్రపు శాసనసభ స్త్రీలకు వృత్తి ద్వారములు తెఱచుచు చట్టము చేసియుండెను. మైరా మరల నర్జీ పెట్టుకొనలేదు. 1890లో ఆ న్యాయస్థానమే తనంత తాను పట్టా నిచ్చెను. 1894లో నామె కాలధర్మము నొందెను.

ద్వారము తెఱచినంతనే కార్యము సిద్ధించినదా? షార్లెట్ రే అను నల్లజాతి వనిత 1872లో వాషింగ్టను నగరమందలి హోవర్డు విశ్వవిద్యాలయమున న్యాయవిద్య ముగించి, ఆ యేటనే పట్టా పొందెను. ఆ దేశమున న్యాయవాదియైన తొలి నల్లజాతి స్త్రీ యామెయే. చట్ట మామె నడ్డలేదు. కాని స్త్రీ యనియు నల్లజాతి దనియు కక్షిదారులు తగినంతమంది రారైరి. కొన్ని యేండ్లకే యామె వృత్తిని విడిచి, న్యూయార్కు ప్రాంతమునకు మరలి, బడిపంతులమ్మగ జీవించెను. పట్టా గోడకు వ్రేలాడుచుండును. కక్షిదారును పంపువారు, కష్టమున నాలోచన చెప్పువారు లేనిచో నా పట్టా కూడు పెట్టదు. పురుషులకు తండ్రులు, మామలు, సహపాఠులు, వారి సంఘములు నుండెను. స్త్రీ యెవరి నడుగవలెను?

ఈ ప్రశ్నకు మొదటి యుత్తరము మిషిగన్ విశ్వవిద్యాలయమున పుట్టెను. అచ్చటి న్యాయకళాశాల 1870 నుండి స్త్రీలను చేర్చుకొనుచుండెను. 1886లో అక్కడ పట్టభద్రురాలైన లెటీ బర్లింగేమ్ అను యువతియు, ఆమె స్నేహితురాండ్రును కలసి ఈక్విటీ క్లబ్బు అను సంఘమును స్థాపించిరి. శాసనాక్షరముల కాఠిన్యమును ధర్మబుద్ధితో సడలించు న్యాయపద్ధతికి ఈక్విటీ యని పేరు. సభ్యురాండ్రు దేశమందు దూరదూరముగ నుండిరి. గనుక సభ చేయుట సాధ్యము కాదు. ప్రతి సభ్యురాలును ఏటేట నొక యుత్తరము వ్రాయవలెనని నియమము పెట్టుకొనిరి. ఆ యుత్తరములను కూర్చి అందఱికి నందజేయుచుండిరి. 1890 నాటి జనాభా లెక్కలలో ఆ దేశమంతటను స్త్రీ న్యాయవాదులు 208 మందియే. ఒక్కొక్క యూర నొక్కతెగ నుండు వారికి ఆ తపాలాకట్ట పుట్టింటి వర్తమానమువలె నుండెననుటలో నతిశయోక్తి లేదు.

వారా యుత్తరములలో గొప్ప సిద్ధాంతములనే చర్చించిరని తలపవలదు. బోస్టను నగరపు న్యాయవాది లీలియా రాబిన్సన్ ఒక యేట నడిగిన ప్రశ్న యిది: న్యాయస్థానమున వాదించునపుడు మనము తలపై టోపీ నుంచుకొనవలెనా, తీయవలెనా? నవ్వు వచ్చునట్టి ప్రశ్నయే. కాని నాటి వారి మర్యాద ప్రకారము గౌరవ కుటుంబపు స్త్రీ నలుగురిలో టోపీ తీయరాదు. న్యాయస్థానమున ప్రవేశించిన పురుషుడు తీయకుండరాదు. ఉంచుకొన్న న్యాయమూర్తి కవమానము, తీసిన స్త్రీమర్యాదకు లోపము. మన యిండ్లలో పమిట యెట్లు కప్పుకొన్నదని కోడలి గుణమును నిర్ణయించు పెద్దలను చూచినవారికి ఆ చిక్కు సులభముగ బోధపడును. ఏ న్యాయశాస్త్ర గ్రంథమును దీనికి సమాధానము చెప్పదు. ముందు నడచిన సోదరియే చెప్పవలెను.

ఫీజును గూర్చిన విచారము మఱియొకటి. భర్త విడిచిన స్త్రీయో, కూలి డబ్బు రాని పనికత్తెయో వచ్చి కన్నీరు పెట్టుకొన్నపుడు రొక్కము అడుగుట కెవరికి నోరు వచ్చును? దయ చూపుటయే స్త్రీ న్యాయవాదికి శోభ యని కొందఱును, ఫీజు పుచ్చుకొననివానిని లోకము న్యాయవాదియని లెక్కింపదని కొందఱును వాదించుకొనిరి. ఆరోగ్యమును గూర్చియు వ్రాసికొనిరి. వివాహమైన పిదప వృత్తి నుంచుకొనవలెనా యనుట అన్నింటికంటె పెద్ద చర్చ. క్యాథరిన్ వా అను సభ్యురాలు 1886లో షికాగోలో న్యాయవిద్య ముగించి, ఉద్యోగమునకై యా నగరమున కార్యాలయముల మెట్లన్నియు నెక్కి దిగి, విఫలయై స్వస్థలమైన రాక్‌ఫర్డునకు పోయి అక్కడ వృత్తి ప్రారంభించెను. 1890లో తన సహాధ్యాయియైన న్యాయవాదిని పెండ్లాడి, ఆయనతో కలసి వృత్తి సాగించుచు నలుగురు బిడ్డలను పెంచెను. 1907లో ఎవాన్‌స్టను పట్టణమున న్యాయాధికారిణిగ నెన్నికయ్యెను. సంసారమును వృత్తియు నొకే యింట నిలువగలవా యన్న ప్రశ్నకు వాదములకంటె నిట్టి జీవితమొకటి చాలును.

లెటీ బర్లింగేమ్ 1890లో చిన్న వయస్సుననే మరణించెను. ఆ యేటితోనే యుత్తరములును నిలిచిపోయెను. నాలుగేండ్ల సంఘమని చిన్నచూపు చూడరాదు. ఆ లేఖలు నశింపక నిలిచి, 1993లో గ్రంథరూపమున వెలువడినవి.

తరువాతి తరమువారు సంఘమునకు గట్టి పునాది వేసిరి. 1908లో షికాగో కెంట్ న్యాయకళాశాలయందు పదిమంది విద్యార్థినులు చేరి కప్పా బీటా పై యను సంఘమును నెలకొల్పిరి. న్యాయవిద్యార్థినులకై యేర్పడిన గ్రీకు అక్షరముల సంఘములలో నిది మొదటిది. పురుషుల న్యాయసంఘములు స్త్రీలను చేర్చుకొనకుండుటయే దీనికి కారణము. 1911లో లాస్ ఏంజెలెసు నగరమునందలి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున అయిదుగురు విద్యార్థినులు ఫై డెల్టా డెల్టా సంఘమును స్థాపించిరి. వారిలో జార్జియా బుల్లక్ అనునామె బిడ్డల తల్లి. ఒంటిగా వారిని పోషించుకొనుచు న్యాయము చదివెను. ఆమెయే 1931లో కాలిఫోర్నియా రాష్ట్రపు సుపీరియర్ న్యాయస్థానమున తొలి స్త్రీ న్యాయమూర్తి యయ్యెను.

ఇట్టి సంఘము చేయు పని యేమని మన చదువరు లడుగవచ్చును. అమెరికా న్యాయకళాశాలలలో ఉపాధ్యాయుడు పాఠము చదివి వినిపించుట తక్కువ. పూర్వము తీర్పైన వ్యాజ్యము నొకదానిని ముందుగ చదివి రమ్మని చెప్పి, తరగతిలో నొకరిని పేరుపెట్టి లేపి, ప్రశ్నమీద ప్రశ్న వేయును. నూర్గురు మగపిల్లల నడుమ నొంటరిగ నిలిచిన బాలికకు తెలిసిన యుత్తరము కూడ గొంతులోనే యాగిపోవును. పై తరగతి సోదరి యామెను ముందునాటి రాత్రి కూర్చుండబెట్టి, వ్యాజ్యములో జరిగిన దేమి, తేలవలసిన ప్రశ్న యేది, తీర్పేమి, దానికి కారణమేమి యని నాలుగు ముక్కలుగ విడదీసి వ్రాసికొనుట నేర్పును. తాను వాడిన వ్రాతపుస్తకముల నిచ్చును. ఉత్తుత్తి వ్యాజ్యము నడిపి ప్రతివాదియై నిలిచి వాదింపజేయును. చదువు ముగిసి పట్టా పరీక్షకు కూర్చుండునపుడు ధైర్యము చెప్పును. నగరమున నప్పటికే వృత్తిలో నున్న సభ్యురాలు తన కార్యాలయమున చోటిచ్చును, లేదా చోటిచ్చువారికి పరిచయము చేయును. ఇవన్నియు కోడలికి తోడికోడలు వంటింటి మర్మములు చెప్పుట వంటి చిన్న పనులే. చిన్న పనులు తెలియకయే పెద్ద చదువులు చెడిపోవుచున్నవి.

ఈ సంఘముల లోపమును గూడ చెప్పకుండుట న్యాయము కాదు. సభ్యులు పిలిచినవారికే లోనికి ప్రవేశము. తలుపు బయట నిలిచినందుకు దుఃఖించినవారే లోపల చేరిన పిదప తలుపు మూయుట లోకమున వింత కాదు. నల్లజాతి స్త్రీలకు తమ తలుపు తామే కట్టుకొనవలసివచ్చెను. షార్లెట్ రే చదివిన హోవర్డు విశ్వవిద్యాలయముననే 1921లో ఎప్సిలాన్ సిగ్మా అయోటా యను సంఘము వెలసెను. దాని స్థాపకురాండ్రలో నొకతెయైన ఆలీ మే కూపర్, 1929లో ఇసడోరా లెచర్ అను న్యాయవాదితో కలసి కార్యాలయము తెఱచెను. నల్లజాతి స్త్రీ లిరువురు భాగస్వాములై వృత్తి నడుపుట ఆ దేశమున నదియే మొదటిసారి యని చెప్పుదురు. ఒంటరియైన షార్లెట్ మూసికొన్న వృత్తిని, జంటయైన వీరు తెఱచిరి. సంఘబల మనగా నేమో యింతకంటె స్పష్టముగ చెప్పలేము.

స్త్రీలకు వేఱు సంఘ మేల, అందఱును కలసియుండరాదా యని యడుగువారు కలరు. కాలమే దీనికి కొంత సమాధాన మిచ్చినది. హార్వర్డు న్యాయకళాశాల 1950లో స్త్రీలను చేర్చుకొనెను. పురుషుల సంఘమైన ఫై ఆల్ఫా డెల్టా తన ద్వారము స్త్రీలకు తెఱచిన పిమ్మట, 1972లో ఫై డెల్టా డెల్టా దానియందు కలిసిపోయెను. 2016 నాటికి ఆ దేశపు న్యాయవిద్యార్థులలో స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యను మించినది. ఇక సోదరితో పని లేదందురా? అట్లనుట సరికాదని మా యభిప్రాయము. సంఖ్య పెరిగినంతమాత్రమున, ప్రసవానంతరము వృత్తికి మరలుట యెట్లు, అనుచితముగ మాటాడిన పెద్దవానికి బదులు చెప్పుట యెట్లు అను ప్రశ్నలకు పుస్తకములలో నుత్తరము పుట్టదు. టోపీ పోయినను చిక్కు పోలేదు.

మన దేశమున స్త్రీలు న్యాయవాదులగుటకు 1923 నాటి చట్టము ద్వారము తెఱచినది. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1942లో మదరాసున న్యాయపట్టము పొంది వృత్తి చేపట్టిరి. అంతకు ముందే, తామింకను విద్యార్థినిగ నుండగనే, 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, పరీక్షలకు పోవు స్త్రీలకు పాఠములు చెప్పించిరి. తాము మెట్టెక్కుచునే వెనుకవారికి చేయి యందించుట యనగా నిదియే.

ఇది చదువు సోదరీమణులలో న్యాయవాదులు కొందఱే యుందురు. అయినను ఈ విషయము మనయందఱిదియు నగును. మన యింటనో, మన వీధినో న్యాయకళాశాలకు పోవు బాలిక యుండవచ్చును. ఆమెకు మనము శాస్త్రము చెప్పలేము. కాని వృత్తిలో నున్న స్త్రీ యొకతెను వెదకి పరిచయము చేయగలము. రాత్రి చదువుకొను వేళ నింటిపనిని మన మీద వేసికొనగలము. పెండ్లిమాటలలో నామె చదువు నొక షరతుగ పలికింపగలము. దూరమున నున్నచో ఏటికొక యుత్తర మైనను వ్రాయగలము. నిండుసభలో ప్రశ్న యడుగుట కామె నేర్చుకొనుచున్నది. ప్రక్కన నిలుచుట మనము నేర్చుకొందము గాక.