సరుకు సులైబియా చేరాక వచ్చే చెల్లింపు వివాదం

ఆన్‌లైన్ అమ్మకంలో సొమ్ము ఖాతాలో జమ అయినంత మాత్రాన లావాదేవీ ముగిసిపోదన్న సంగతి చిన్న వ్యాపారులకు తరచు మొదటి ఫిర్యాదు వచ్చాకే తెలిసివస్తుంది. కార్డుతో చెల్లించిన కొనుగోలుదారు సరుకు అందలేదనో, ఫొటోలో చూసినదానికీ చేతికి వచ్చినదానికీ పొంతన లేదనో, అసలు ఆ చెల్లింపే తాను చేయలేదనో తన బ్యాంకుకు చెబితే, ఆ బ్యాంకు అమ్మకందారు నుంచి సొమ్మును వెనక్కి రాబట్టే పద్ధతిని చార్జ్‌బ్యాక్ అంటారు. బిల్లులోని తప్పును ప్రశ్నించే హక్కును క్రెడిట్ కార్డుదారులకు కల్పిస్తూ అమెరికా 1974లో చేసిన చట్టం ఈ పద్ధతికి బలమిచ్చింది. నేడు వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల ద్వారా ఇది దేశదేశాల్లో అమలవుతోంది.

కువైట్‌లోని తెలుగువారిలో కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాలవారు పెద్ద సంఖ్యలో ఉన్నందున, రాయచోటి నుంచి జహ్రా గవర్నరేటులోని సులైబియాకు ఒక వెంకటగిరి చీర పంపిన వ్యాపారిని ఉదాహరణగా తీసుకోవచ్చు. కువైట్ చిరునామాలో ప్రాంతం, బ్లాకు, వీధి, ఇంటి నంబరు వరుసగా ఉంటాయి. వీటితోపాటు పౌర సమాచార ప్రాధికార సంస్థ ప్రతి భవనానికీ ఇచ్చే ప్రత్యేక సంఖ్యను కూడా ఆర్డరు సమయంలోనే అడిగి రాసుకుంటే, పొట్లం ఏ గడపకు చేరిందో తర్వాత నిరూపించడం తేలికవుతుంది. యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసే మహిళకు వచ్చిన పార్సిల్‌ను ఆ ఇంట్లో మరెవరో సంతకం చేసి తీసుకోవడం అసాధారణం కాదు. అందిన పార్సిల్‌కే అందలేదన్న ఫిర్యాదు అలాంటి చోట మోసబుద్ధి లేకుండానే పుట్టవచ్చు కనుక, బట్వాడా రోజున కొనుగోలుదారుకే నేరుగా సందేశం పంపి, ముట్టినట్టు జవాబు రాబట్టుకోవడం ఎంతో అవసరం.

బ్యాంకు స్టేట్‌మెంటులో దుకాణం పేరు కాక వ్యాపారి నమోదు చేయించుకున్న మరో పేరు కనబడితే, కొనుగోలుదారు దానిని గుర్తుపట్టక తాను చేయని చెల్లింపుగా భావించే అవకాశం ఉంది. ఆ పేరును సరిచేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అయినా చాలామంది ఈ పనిని పట్టించుకోకపోవడం విచారకరం.

వస్తువు అందలేదన్న ఫిర్యాదుకు వీసా సాధారణంగా 120 రోజుల గడువు ఇస్తుంది. అమ్మకందారుకు దొరికే వ్యవధి మాత్రం దానిలో చిన్న భాగమే, పైగా చెల్లింపులను నడిపించే మధ్యవర్తి సంస్థ అందులోనూ కొన్ని రోజులు తగ్గించి అడుగుతుంది. గడువులోగా జవాబు ఇవ్వకపోతే న్యాయం తన వైపే ఉన్నా వ్యాపారి సొమ్ము పోగొట్టుకుంటాడు. బ్యాంకు ఇరుపక్షాలనూ పిలిచి విచారించదు, కాగితాలనే చూస్తుంది కాబట్టి ఆర్డరు వివరాలు, కొరియర్ ట్రాకింగ్, సంభాషణల నకళ్లు, సరుకు ఫొటోలు ఏ కారణంతో ఫిర్యాదు వచ్చిందో సరిగ్గా ఆ కారణానికే బదులిచ్చేలా ఉండాలి. రంగు తేడా వచ్చిందన్న ఫిర్యాదుకు బట్వాడా రసీదు చూపడం వల్ల ప్రయోజనం లేదు. తప్పు తనదేనని తేలితే వాదన మాని, వివాదం బ్యాంకు దాకా వెళ్లకముందే చెల్లింపు జరిగిన కార్డుకే సొమ్ము తిరిగి పంపడం మేలు. చార్జ్‌బ్యాక్ మొదలైన తర్వాత కొనుగోలుదారు ఒత్తిడికి లొంగి వేరే ఖాతాకు డబ్బు పంపితే, ఒకే చీరకు రెండుసార్లు సొమ్ము వాపసు ఇచ్చినట్టవుతుంది.

కువైట్‌లోనే ఉండి అమ్మేవారి పరిస్థితి కొంత వేరు. అక్కడి బ్యాంకులన్నింటికీ ఉమ్మడిగా 1992లో ఏర్పడిన కేనెట్ వ్యవస్థలో కొనుగోలుదారు ఆన్‌లైన్‌లోనూ తన రహస్య సంఖ్యను నమోదు చేస్తాడు కనుక చెల్లింపు తనది కాదన్న వాదన అంత తేలికగా నిలవదు. అయితే 2014 నాటి 39వ నంబరు వినియోగదారుల పరిరక్షణ చట్టం వస్తువును 14 రోజుల్లో వాపసు చేసే హక్కును ఇస్తోంది.

సరుకు సులైబియాకు వెళ్లినా, దాని ఖరీదును ఊళ్లోని తమ్ముడో భర్తో యూపీఐ ద్వారా కట్టే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు ఫిర్యాదు చేసే వ్యక్తి, సరుకు అందుకున్న వ్యక్తి ఒకరు కారు కాబట్టి, ఎవరి ఆర్డరుకు ఎవరు చెల్లించారో ఇద్దరి చేతా సందేశంలో రాయించుకుని దాచుకోవాలి.