గుప్త నియమం ఆట: ‘రాదు’ అన్న జవాబే దారి చూపుతుంది

ఆరు నుంచి ఎనిమిది తరగతుల విద్యార్థులకు పుస్తకాల సంచి లేని 10 రోజులు ఉండాలని జాతీయ విద్యా విధానం-2020 సూచించింది. అటువంటి రోజున పైసా ఖర్చు లేకుండా తరగతి అంతటినీ ఆలోచింపజేసే ఆటల్లో గుప్త నియమం ఆట ఒకటి. నాయకుడు ఒక నియమాన్ని మనసులో ఉంచుకుంటాడు. మిగిలినవారు ఒక్కొక్క మాట చెబుతూ దానిని కనిపెట్టాలి.

ఉదాహరణకు, ‘మా గుమ్మంలోకి అమ్మ, అక్క, అత్త వస్తారు, తాత, మామ రారు’ అని నాయకుడు ప్రకటిస్తాడు. స్త్రీలకే ప్రవేశమని ఒక విద్యార్థి భావిస్తాడు. చెల్లి, పిన్ని, అవ్వ అని వరుసగా అడుగుతాడు. మూడింటికీ ‘వస్తుంది’ అనే జవాబే లభిస్తుంది. తన ఊహ రుజువైందని అతడు నమ్ముతాడు. కాని నాన్న, తమ్ముడు కూడా వస్తారు, వదిన రాదు. అసలు నియమం ద్విత్వాక్షరం. గుమ్మం అనే మాటలోనే ఆ రహస్యం ఉంది.

ఈ పొరపాటు పిల్లలది మాత్రమే కాదు. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ 1960లో ప్రచురించిన ప్రయోగంలో 29 మంది విద్యార్థులకు 2, 4, 6 అంకెలిచ్చి, వాటి వెనుక నియమం కనుగొనమన్నారు. క్రమంగా పెరిగే ఏ మూడు సంఖ్యలైనా సరిపోతాయన్నదే ఆ నియమం. తొలి ప్రయత్నంలోనే సరిగా చెప్పినవారు ఆరుగురే. తమ ఊహను బలపరిచే ఉదాహరణలనే అడగడం, దానిని తప్పని తేల్చగల ప్రశ్న వేయకపోవడం చాలామందిని తప్పుదారి పట్టించింది.

అందువల్ల నాయకుడి బాధ్యత కీలకం. నియమాన్ని ముందే చీటీపై రాసి మడిచి ఉంచాలి, మధ్యలో మార్చరాదు. ‘వస్తుంది’, ‘రాదు’ అని మాత్రమే బదులివ్వాలి. ‘ఏది రాదనుకుంటున్నారో అదే అడగండి’ అని ప్రోత్సహించాలి. రహస్యం తెలిసినవారు దానిని బయటపెట్టకుండా, మూడు కొత్త మాటలు చెప్పి నిరూపించుకోవాలి. అప్పుడు మిగిలినవారికి ఆట చెడదు. వెనుకబడినవారిని చూసి నవ్వనివ్వరాదు. వారి కోసం ముక్కు వస్తుంది, మూతి రాదు. గుడ్డు వస్తుంది, గూడు రాదు అని దగ్గరి జంటలను పలకపై రాయాలి. ఒత్తు ఉంటే చాలనుకునేవారికి ‘పుస్తకం రాదు’ అన్న ఒక్క మాట సరిపోతుంది.

ఈ ఆటకు భాష అడ్డు కాదు. రాయ్‌పూర్‌లోని శంకర్ నగర్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలికి కేంద్రం. పాఠ్యపుస్తకాల రూపకల్పన, ఉపాధ్యాయ శిక్షణ ఆ సంస్థ బాధ్యతలు. ఆ రాష్ట్రంలో ఛత్తీస్‌గఢీ, హల్బీ, గోండీ ఇంటి భాషలుగా గల పిల్లలు హిందీలో చదువుకుంటారు. తెలుగులో పిల్లి, కుక్క గుమ్మం దాటుతాయి, ఆవు దాటదు. హిందీలోనూ బిల్లీ, కుత్తా దాటుతాయి, గాయ్ దాటదు.

చివరగా నియమాన్ని అందరికంటే ఆలస్యంగా గ్రహించిన విద్యార్థి చేతనే చెప్పించి, చీటీ విప్పాలి. తదుపరి ఆటకు నాయకత్వం ఆ విద్యార్థికే అప్పగిస్తే తరగతిలో ఎవరూ ఓడిపోయినట్లు ఉండదు.