వార్తల్లో పదం: జీవసూచిక

ఊరి గాలిలో పాదరసం ఉందని తేలినంత మాత్రాన అది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు. బొగ్గు మండినా, ట్యూబ్‌లైటు పగిలినా, థర్మామీటరు జారిపడినా గాలిలో కలిసేది అదే పాదరసం. మూలం పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు పిలిచే సాక్షుల్లో ఒకటి లైకెన్. మనకు కొత్తదేం కాదు, మసాలా డబ్బాలోని రాతిపువ్వు లైకెనే. ఇలా కాలుష్యం ఆచూకీ చెప్పే జీవులే జీవసూచికలు.

లైకెన్‌కు వేళ్లుండవు. నీరు, పోషకాలు చాలావరకు గాలి నుంచే తీసుకుంటుంది, వాటితోపాటు లోహాలనూ. ఏళ్ల తరబడి బతుకుతుంది కాబట్టి, ఒక్కరోజు తీసిన గాలి నమూనా చెప్పలేని పాత సంగతులూ దాని దగ్గరుంటాయి.

తమిళనాడులోని కొడైకెనాల్‌లో హిందుస్థాన్ లీవర్ థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. పాదరసం అంటిన గాజు ముక్కలు ఊళ్లోని పాత సామాన్ల కొట్టులో బయటపడటంతో రేగిన గొడవే దానికి కారణం. ఆ తర్వాత హైదరాబాద్‌లోని అణుశక్తి శాఖ ప్రయోగశాల శాస్త్రవేత్తలు అక్కడి లైకెన్లను, నాచును పరీక్షించారు. ఫ్యాక్టరీ పరిసరాల నమూనాల్లో పాదరసం దూరపు వాటికంటే చాలా ఎక్కువగా తేలింది. అంటే గాజు ముక్కల్లోనే కాదు, ఆవిరిగానూ బయటికొచ్చిందన్నమాట. గోడ ఎంత ఎత్తు కడితే మాత్రం ఆవిరి ఆగుతుందా!

మురుగునీటిలో కలిసిన పాదరసానికి మాత్రం ఈ ఉపాయం చెల్లదు. అక్కడ మ్యాన్‌హోల్ తర్వాత మ్యాన్‌హోల్ తెరుచుకుంటూ, పారుదలకు ఎదురు నడుస్తూ బురద తీసి చూడాల్సిందే. ఆ దారి ఒక్కోసారి, పళ్ల పూడికల్లో పాదరసం వాడే దంతవైద్యశాల సింకు దగ్గర ఆగుతుంది.